కొలిమి లెక్కా, గోడ మీది మాటా



హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడలో ఆటోనగర్. ఇలాంటి పారిశ్రామికవాడల్లో చిన్న ఫ్యాక్టరీలు నడుపుకునే వాళ్లకు ఈ మధ్య కొత్త రకం కాగితం ఒకటి వస్తోంది. పంపేది ప్రభుత్వం కాదు, బ్యాంకూ కాదు. వీళ్ల దగ్గర సరుకు కొనే పెద్ద కంపెనీ. ఇదివరకు ఆ కంపెనీ అడిగేది రేటు, నాణ్యత, డెలివరీ తేదీ. ఇప్పుడు వాటికి ఇంకో మూడు ప్రశ్నలు కలిశాయి. మీ ఫ్యాక్టరీ వల్ల ఏడాదికి ఎన్ని టన్నుల కర్బన ఉద్గారాలు వెలువడుతున్నాయి? ఎప్పటికి ఎంత తగ్గిస్తారు? నెట్ జీరోకు, అంటే వెలువడేదీ తిరిగి గాల్లోంచి తీసేదీ సమానమయ్యే స్థితికి, ఎప్పుడు చేరతారు?

యజమాని ఆ కాగితం చదివి అకౌంటెంటు టేబుల్ మీద పెడతాడు. అకౌంటెంటుకు జీఎస్టీ తెలుసు, పీఎఫ్ తెలుసు, ఇది తెలియదు. గడువు దగ్గరపడ్డాక ఎవరో ఒక కన్సల్టెంటు వచ్చి ఫారం నింపి పెడతాడు. కొన్నాళ్లకు గేటు పక్క గోడ మీద ఆకుపచ్చ రంగులో ఒక బోర్డు వెలుస్తుంది: ‘2050 నాటికి నెట్ జీరో మా లక్ష్యం’. ఆ షెడ్డు లీజు మాత్రం అంతకు చాలా ముందే అయిపోతుంది.

ఆ ఫారంలో రాసిన అంకె నిజమా, ఆ బోర్డు మీది మాటకు విలువుందా అన్నది ఎలా తేల్చుకోవాలో ఈ ప్రసంగంలో చూద్దాం. అందరికీ కలిపి గాల్లో మాట్లాడితే ఏమీ తేలదు కాబట్టి ఒక రకం ఫ్యాక్టరీని తీసుకుంటాను: ఇనుప పోతలు పోసే చిన్న ఫౌండ్రీ. పంపుల బాడీలు, మోటారు కవచాలు, వాల్వులు, ట్రాక్టరు భాగాలు పోసే చోటు. దేశంలో కోయంబత్తూరు, కొల్హాపూర్, రాజ్‌కోట్, హౌరా ఈ పనికి పేరుపడ్డ ఊళ్లు. మన దగ్గరా పారిశ్రామికవాడల్లో ఈ కొలిములున్నాయి.

ముందు, పెద్ద కంపెనీకి ఈ ఆసక్తి ఎందుకు పుట్టిందో చూద్దాం. ఒక కారణం మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీల్లో మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి పర్యావరణ, సామాజిక వివరాలతో ఏటా ఒక నివేదిక ఇచ్చి తీరాలి. బీఆర్‌ఎస్‌ఆర్ అంటారు దాన్ని. పెద్ద కంపెనీ తన లెక్క తాను చెప్పుకుంటే సరిపోతుందిగా అనుకోవచ్చు. కానీ కారు తయారు చేసే కంపెనీ ఉద్గారాల్లో సింహభాగం దాని సొంత గేటు లోపల ఉండదు. అమ్మిన కారు తిరిగే రోడ్డు మీద, ఇనుము కరిగించిన చోట, రబ్బరు వండిన చోట, విడిభాగం చేసిన చోట ఉంటుంది. అందుకే ప్రశ్న మెట్లు దిగి చిన్న ఫౌండ్రీ దాకా వచ్చింది.

రెండో కారణం యూరప్. ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి కొన్ని సరుకుల మీద యూరోపియన్ యూనియన్ సరిహద్దు దగ్గర కర్బన సుంకం పెట్టింది. సీబ్యామ్ అని పిలుస్తున్నారు. 2023 అక్టోబరు నుంచి లెక్కలు చెప్పమంది. 2026 జనవరి 1 నుంచి డబ్బు కట్టాల్సిన దశ మొదలైంది. ఉక్కు బోల్టులు, నట్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. దిగుమతిదారు ఏడాదికి 50 టన్నులలోపే తెప్పిస్తే మినహాయింపు ఇచ్చారు, అది చిన్నవాళ్లకు కొంత ఊరట. అంతకు మించితే తయారీదారు సొంత లెక్క చూపించాలి, లేదా వాళ్లు ముందే నిర్ణయించిన డిఫాల్ట్ అంకెతో సరిపెట్టుకోవాలి. ఆ డిఫాల్ట్ అంకె మనకు అనుకూలంగా ఉంటుందని ఆశ పెట్టుకోకండి. లెక్క రాసుకోనివాడికి నష్టం కలిగేలాగే దాన్ని కట్టారు.

ఇక లెక్క. దీనికి ప్రపంచమంతా వాడే పద్ధతి జీహెచ్‌జీ ప్రోటోకాల్. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, వరల్డ్ బిజినెస్ కౌన్సిల్ ఫర్ సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ కలిసి 2001లో తొలిసారి ప్రచురించాయి. ఉద్గారాలను మూడు పద్దులుగా విడగొడతారు. మన గేటు లోపల మనం కాల్చినదీ, లీకైనదీ స్కోప్ 1: జనరేటరు డీజిలు, గ్యాసు, బొగ్గు, ఏసీ గ్యాసు. మనం కొన్న కరెంటు కోసం ఎక్కడో విద్యుత్ కేంద్రంలో కాలినది స్కోప్ 2. మనం కొన్న ముడిసరుకు, లారీ రవాణా, అమ్మిన వస్తువు వాడకం వగైరాలన్నీ స్కోప్ 3. ఈ మూడోదానిలోనే 15 విభాగాలున్నాయి. చిన్న ఫ్యాక్టరీవాడు ఆ పదిహేనూ చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు. వాటిలో అతనికి నిజంగా బరువైనవి రెండో మూడో ఉంటాయి.

ఒక ఊహా ఫౌండ్రీ లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే గానీ, గుణకాలు నిజమైనవి. నెలకు 50 టన్నుల మంచి పోతలు, అంటే ఏడాదికి 600 టన్నులు అమ్ముతుంది. కరిగించడానికి ఇండక్షన్ ఫర్నేస్. కరిగించిన లోహమంతా అమ్మకానికి పోదు. లోహం పారే కాలువలు, పోత కుంచించుకునేటప్పుడు లోహం అందించే రైజర్లు, చెడిపోయిన పోతలు మళ్లీ కొలిమిలోకే వస్తాయి. నూరు టన్నులు కరిగిస్తే అరవై టన్నులు సరుకుగా బయటికి వెళ్తాయనుకుందాం. ఈ శాతాన్నే ఈల్డ్ అంటారు. అంటే 600 టన్నుల సరుకు కోసం 1,000 టన్నులు కరిగించాలి. టన్ను కరగడానికి 650 యూనిట్లు వేసుకుంటే కొలిమికే ఆరున్నర లక్షల యూనిట్లు. ఇసుక ప్లాంటు, కంప్రెసర్, షాట్ బ్లాస్టింగ్, గ్రైండర్లు, ఫ్యాన్లు కలిపి ఇంకో రెండున్నర లక్షలు. మొత్తం ఏడాదికి 9 లక్షల యూనిట్లు.

మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక్కో యూనిట్‌కు సగటున ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ఏటా లెక్కగట్టి ప్రకటిస్తుంది. ఈ మధ్య సంవత్సరాల్లో అది యూనిట్‌కు 0.72 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంది. 9 లక్షలను 0.72తో గుణిస్తే 6,48,000 కిలోలు. దాదాపు 650 టన్నులు. ఇది స్కోప్ 2.

జనరేటరుకు ఏడాదిలో 6,000 లీటర్ల డీజిలు తాగించారనుకుందాం. లీటరు డీజిలు కాలితే సుమారు 2.68 కిలోలు. అంటే 16 టన్నులు. కరిగిన లోహం పట్టే లాడిల్‌ను వేడిచేయడానికి నెలకు ఎనిమిది కమర్షియల్ సిలిండర్లు. సిలిండర్‌లో 19 కిలోల గ్యాసు, కిలో గ్యాసుకు దాదాపు 3 కిలోల ఉద్గారం. ఏడాదికి అయిదున్నర టన్నులు. ఆఫీసు ఏసీలు లీకై రెండు కిలోల గ్యాసు మళ్లీ నింపించారు. అది ఆర్-410ఏ అయితే దాని ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు రెండువేల రెట్లకు పైమాటే, కాబట్టి 4 టన్నులు. చూశారా, ఏడాది పొడవునా వాడిన సిలిండర్లకు రెండు కిలోల ఏసీ గ్యాసు ఇంచుమించు పోటీ వచ్చింది. మెకానిక్ ఇచ్చిన చిన్న చీటీ పారేస్తే ఈ 4 టన్నులు లెక్కలోంచి మాయం.

మొత్తం స్కోప్ 1 సుమారు 26 టన్నులు. స్కోప్ 2 సుమారు 650. ఈ నిష్పత్తిని గుర్తుపెట్టుకోండి. ఇలాంటి ఫౌండ్రీ యజమాని ఎవరైనా ‘మేం జనరేటరు మార్చాం, ఫోర్క్‌లిఫ్టుకు బ్యాటరీ పెట్టాం, కర్బనం తగ్గించాం’ అంటే అబద్ధం కాదు. కానీ అసలు కథ కరెంటు మీటరు దగ్గరుంది.

ఇంకో అడుగు వెనక్కి వెళ్తే కథ మళ్లీ మారుతుంది. కొలిమిలో వేసే లోహం ఎక్కడిది? తుక్కు ఇనుమా, పిగ్ ఐరనా? పిగ్ ఐరన్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ కాల్చి తీసినది. టన్నుకు ఇంచుమించు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ దాని వెనక ఉంటుంది. మన ఫౌండ్రీ ఏడాదికి 200 టన్నుల పిగ్ ఐరన్ కొంటే అక్కడే 400 టన్నులు. తుక్కుకు ఆ భారం చాలా తక్కువ, ఎందుకంటే దాన్ని ఖనిజంలోంచి తీసిన ఖర్చు ఎప్పుడో ఇంకో వస్తువు ఖాతాలో పడిపోయింది. కాబట్టి ఛార్జిలో, అంటే కొలిమిలో వేసే లోహంలో, పిగ్ ఐరన్ పాలు తగ్గించి, తుక్కు పెంచి, కర్బనం చాలకపోతే విడిగా కార్బురైజర్ కలిపి గ్రేడు నిలబెట్టుకోగలిగిన ఫౌండ్రీ, గోడ మీద బోర్డు లేకపోయినా పెద్ద పనే చేసినట్టు. అదేం సులువు కాదు. తుక్కులో ఏ లోహం కలిసొచ్చిందో కరిగించి పరీక్షిస్తే గానీ తెలియదు. మాంగనీస్ ఎక్కువైతే పోత గట్టిపడి మిషనింగ్‌లో టూల్ విరుగుతుంది. ఆ తిట్లు తినేది ఫౌండ్రీవాడే. అందుకే చాలామంది ఖరీదైనా పిగ్ ఐరన్‌నే నమ్ముకుంటారు.

గోదావరి జిల్లాల్లోనో, మిర్యాలగూడలోనో రైస్ మిల్లు నడిపేవాళ్లు వింటుంటే వాళ్లకొక మాట. మీ బాయిలర్‌లో కాలే ఊక నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను స్కోప్ 1లో కలపరు, విడిగా చూపిస్తారు. వరి పెరిగేటప్పుడు గాల్లోంచి తీసుకున్నదే కాబట్టి. అయితే ఊక కాలేటప్పుడు పుట్టే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లను మాత్రం లెక్కలో వేయాలి. ‘మాది ఊక, మాకు లెక్కే లేదు’ అనడం కుదరదు.

సరే, అంకె వచ్చింది. ఇప్పుడు హామీల సంగతి. ఏ హామీనైనా పరీక్షించేటప్పుడు నేను మొదట అడిగేది ఎంత శాతం అని కాదు, ఏ సంవత్సరంతో పోల్చి అని. 2012-13 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీ నడిపినవాళ్లకు పవర్ హాలిడే అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వారంలో కొన్ని రోజులు పరిశ్రమలకు కరెంటు లేదు. డ్రమ్ములకొద్దీ డీజిలు కాలింది. ఎవరైనా ఆ సంవత్సరాన్ని ప్రాతిపదికగా పెట్టుకుంటే, ఆ తరువాత డీజిల్ ఉద్గారాలు ఎనభై, తొంభై శాతం తగ్గాయని గర్వంగా రాసుకోవచ్చు. తగ్గించింది కరెంటు సరఫరా, ఫ్యాక్టరీ కాదు. కరోనా లాక్‌డౌన్ ఏడాదిని ప్రాతిపదికగా తీసుకుంటే దీనికి తలకిందుల కథ: షెడ్డు నెలల తరబడి మూసి ఉన్న సంవత్సరం అది, దాంతో పోలిస్తే పాపం ఎంత కష్టపడ్డా పెరిగినట్టే కనిపిస్తుంది. ఒక్క ఏడాది కాక మూడేళ్ల సగటు తీసుకుంటే ఈ రెండు తంటాలూ చాలావరకు తగ్గుతాయి.

గ్రిడ్ కూడా ఇలాంటి పుణ్యం ఇంకొకటి కట్టబెడుతుంది. పదేళ్ల కిందట దేశ సగటు యూనిట్‌కు 0.82 కిలోల దగ్గర ఉండేది. సౌర, పవన విద్యుత్తు పెరిగి ఇప్పుడు 0.72 దగ్గరికి వచ్చింది. అంటే ఒక ఫౌండ్రీ పదేళ్లుగా చీపురుపుల్ల కూడా కదపకుండా కూర్చున్నా దాని స్కోప్ 2 పన్నెండు శాతం తగ్గి ఉంటుంది. నివేదికలో ఆ పన్నెండు శాతాన్ని తమ ఖాతాలో వేసుకున్నవాళ్లను నేను చూశాను. అందుకే టన్నులతోపాటు యూనిట్లు కూడా అడగాలి. టన్ను పోతకు ఎన్ని యూనిట్లు కాలాయి? ఆ ప్రశ్నకు జవాబు మీటరు చెబుతుంది, దానికి గ్రిడ్ సాయం పట్టదు.

మూడో కిటుకు జాబ్ వర్క్. హీట్ ట్రీట్‌మెంటో, మిషనింగో ఇన్నాళ్లూ లోపల చేసుకుని ఇప్పుడు పక్క షెడ్డుకు పంపిస్తారు. ఆ కరెంటు మన బిల్లులోంచి పోతుంది, స్కోప్ 2 చక్కగా దిగుతుంది. భూమి మీద ఒక్క కిలో కూడా తగ్గలేదు. నిజానికి టెంపోలో అటూ ఇటూ తిప్పిన డీజిలు అదనం. బుద్ధిపూర్వకంగా చేస్తారని కాదు, వ్యాపారానికి లాభమని చేస్తారు. కానీ లెక్క చూసేవాడు గతేడాది లోపల జరిగిన పనులు ఈ ఏడాదీ లోపలే జరుగుతున్నాయా అని అడిగి తీరాలి.

సర్టిఫికెట్ల సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. పునరుత్పాదక ఇంధన సర్టిఫికెట్, ఆర్‌ఈసీ, మన దేశంలో చట్టబద్ధంగా ఉన్నదే. ఒక్కో సర్టిఫికెట్ 1,000 యూనిట్ల హరిత విద్యుత్తుకు గుర్తు. మన ఫౌండ్రీ 900 కొంటే, ఒక పద్ధతి ప్రకారం స్కోప్ 2ను సున్నా అని రాసుకోవచ్చు. తప్పు కాదు. కానీ నియమం ఇంకోటుంది: గ్రిడ్ సగటుతో వేసిన అంకెను కూడా పక్కనే చూపించాలి. ఆ రెండో అంకె దాచినచోట నాకు అనుమానం. ఏనాడో కట్టిన గాలిమర సర్టిఫికెట్ ఇవాళ కొన్నంత మాత్రాన చర్లపల్లిలో కొలిమి మూత మూసుకోదు. పైగా సర్టిఫికెట్‌కు పెట్టిన డబ్బు ఏటా పెట్టాలి, మూతకు పెట్టిన డబ్బు ఒక్కసారి.

ఉద్గారాలకు బదులుగా నాటామని చెప్పే మొక్కల గురించి అసలు మాట్లాడను. నాటండి, మంచిదే, షెడ్డు చల్లబడుతుంది. 650 టన్నుల పక్కన పదిహేను వేపమొక్కలను లెక్కల కాగితంలో మాత్రం రాయకండి.

మూత అన్నాను కదా. కొలిమి దగ్గరికి వెళ్దాం. రాత్రి వేళ కొన్నిచోట్ల కరెంటు రేటులో రాయితీ ఉంటుంది కాబట్టి చాలా ఫౌండ్రీలు ఆ వేళలోనే కరిగిస్తాయి. లోహం 1,400 డిగ్రీలు దాటి తెల్లగా మెరుస్తుంటుంది. మూత పక్కన వాలుగా పడేసి ఉంటుంది, ప్రతిసారీ తీసి పెట్టడం విసుగు కాబట్టి. పైన నిలబడ్డ మనిషి మొహం కాలిపోతుంటుంది. ఆ సెగ అంతా కొన్న కరెంటే. ఛార్జి వేసే తుక్కు తుప్పుపట్టి, ఇసుక అంటుకుని ఉంటుంది. ఆ ఇసుకను కూడా కరిగించి స్లాగ్‌గా తీసిపారేయాలి. లోహం తయారైంది, తీరా అచ్చులు తయారు కాలేదు. మౌల్డింగ్‌లో ఇద్దరు రాలేదు. శాంపిల్ పట్టుకెళ్లిన కుర్రాడు పరీక్ష ఫలితంతో ఇంకా రాలేదు. అరగంట, ముప్పావుగంట కొలిమి కరెంటు తాగుతూ ఊరికే నిలబడుతుంది. ఒక్కో విడత కరిగింపును రాసే హీట్ పుస్తకంలో ఎన్ని గంటలకు ఛార్జి మొదలుపెట్టారు, ఎన్ని గంటలకు పోశారు, ఎన్ని యూనిట్లు అన్న మూడు గళ్లుంటే ఈ కథంతా దానిలో చదవొచ్చు. చాలాచోట్ల మూడో గడి ఖాళీగా ఉంటుంది.

కంప్రెసర్‌ది ఇలాంటిదే. భోజనం వేళ మిషన్లన్నీ ఆపించి షెడ్డు మధ్యలో నిలబడండి. బుసలు వినిపిస్తాయి. గొట్టం జాయింట్లలోంచి గాలి పోతోంది. ఎవరూ గాలి వాడని ఆ వేళలో కంప్రెసర్ పది నిమిషాల్లో మూడు నిమిషాలు లోడ్ మీద నడిచిందంటే, దాని సామర్థ్యంలో ముప్పై శాతం చిల్లుల పాలు. ఏ పరికరమూ అక్కర్లేదు, చేతి గడియారం చాలు.

ఇప్పుడు నిజమైన హామీ ఎలా ఉంటుందో చూడండి. ‘60 శాతంగా ఉన్న మా ఈల్డ్‌ను వచ్చే మార్చికల్లా 66 చేస్తాం. అందుకు రైజర్లను కంప్యూటర్ సిమ్యులేషన్‌తో మళ్లీ డిజైన్ చేయిస్తున్నాం. ఎక్కువ పోసే అయిదు ప్యాటర్న్‌లతో మొదలు.’ అంతే. ఆకుపచ్చ రంగు లేదు, భూగోళం బొమ్మ లేదు. లెక్క వేయండి: 600 టన్నుల సరుకుకు కరిగించాల్సింది 1,000 నుంచి 910 టన్నులకు దిగుతుంది. 90 టన్నులు తక్కువ కరిగించడమంటే దాదాపు 58 వేల యూనిట్లు మిగులు. 42 టన్నుల ఉద్గారం తగ్గుతుంది. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా ఏటా నాలుగున్నర లక్షలకు పైగా జేబులో ఉంటాయి. ఏ మిషను, ఎవరి బాధ్యత, ఏ తేదీ, ఎంత డబ్బు అన్నవి రాసి ఉంటే అది హామీ. లేకపోతే శుభాకాంక్ష.

సోలార్ కూడా నిజమైనదే, అయితే దాని హద్దు తెలిసి పెట్టాలి. వంద కిలోవాట్ల ప్యానెళ్లు మన ఎండకు ఏడాదికి సుమారు లక్షా నలభై వేల యూనిట్లిస్తాయి. అంటే వంద టన్నుల ఉద్గారం తగ్గినట్టు. మన ఫౌండ్రీకి 650లో వంద అంటే చిన్న విషయం కాదు. కానీ దానికి పది వేల చదరపు అడుగుల కప్పు కావాలి, ఆ కప్పు బరువు మోయాలి. పాత సిమెంటు రేకుల షెడ్డు మీద మనిషి నడిస్తేనే భయం. ఆపైన కొలిమి రాత్రి వెలుగుతుంది, సూర్యుడు పగలు. నెట్ మీటరింగ్ కాగితం మీద రెండూ సరిపోతాయి గానీ, ఆ రాత్రి యూనిట్ వచ్చేది ఎక్కువగా బొగ్గు నుంచే. ‘మేం సోలార్ మీద నడుస్తున్నాం’ అనే మాట విన్నప్పుడు ఎంత శాతం, ఏ వేళ అని అడగడం మర్యాద తప్పడం కాదు.

చిన్న పరిశ్రమ మారదన్న మాట నేను ఒప్పుకోను. హౌరా ఫౌండ్రీలు కోక్ కాల్చే పాత క్యూపోలా కొలిములతో నడిచేవి. 1990లలో ఇంధన పరిశోధన చేసే టెరి సంస్థ, స్విట్జర్లాండ్ సహకారంతో, గాలిని రెండు అంచెలుగా ఊదే డివైడెడ్ బ్లాస్ట్ క్యూపోలాను అక్కడి ఒక చిన్న ఫౌండ్రీలో కట్టి చూపించింది. కోక్ ఖర్చు బాగా తగ్గింది, పొగా తగ్గింది. తరువాత ఇతర ఊళ్ల ఫౌండ్రీలు కూడా ఆ డిజైన్ అందుకున్నాయి. అప్పట్లో వాళ్లలో ఎవరూ నెట్ జీరో అని ప్రకటించలేదు. ఆ మాట ఇంకా వాడుకలోకే రాలేదు. కోక్ బిల్లు తగ్గుతుందని చేశారు. తాజ్‌మహల్ చుట్టుపక్కల ఆగ్రా ఫౌండ్రీలది వేరే దారి: 1996లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత కోక్, బొగ్గు వదిలి గ్యాసుకు మారక తప్పలేదు. ఒకచోట లాభం నడిపింది, ఇంకోచోట చట్టం. స్వచ్ఛంద ప్రతిజ్ఞ ఒక్కటే నడిపించిన ఫౌండ్రీ ఊరు నాకు తెలిసి లేదు.

అలాగని ప్రతిజ్ఞలన్నీ ఉత్తవని అనను. ఎస్‌ఎంఈ క్లైమేట్ హబ్ అని చిన్న సంస్థల కోసమే ఒక వేదిక ఉంది. 2030కల్లా ఉద్గారాలు సగానికి, 2050లోపు నెట్ జీరో అన్నది అక్కడి మాట. కంపెనీల ఉద్గార లక్ష్యాలను పరిశీలించి ఆమోదించే ఎస్‌బీటీఐ సంస్థ కూడా చిన్నవాళ్లకు విడిగా సులువైన మార్గం పెట్టింది. ఇక్కడ మన యజమానులు అడిగే ప్రశ్న ఒకటుంది, అది న్యాయమైనదే. ‘దేశమే నెట్ జీరోకు 2070 అంటోంది. పైగా దేశం లక్ష్యం కూడా జీడీపీలో ఒక్కో రూపాయికి ఎంత అన్న లెక్కలోనే కదా, 2005తో పోల్చి 2030కి 45 శాతం తగ్గిస్తామని. నెలకు 50 టన్నులు పోసే నేను రేపు 80 పోయకూడదా?’ పోయాలి. పదిమందికి పని దొరుకుతుంది. అలాంటప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన రాయమంటాను: టన్ను పోతకు ఉద్గారం ఎంత, మొత్తం ఉద్గారం ఎంత. మొదటిది తగ్గి రెండోది పెరిగితే అదే రాయండి. ఎదిగే ఫ్యాక్టరీకి అందులో సిగ్గుపడాల్సింది లేదు. మొదటి అంకె ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేసి రెండోది మింగేస్తేనే తప్పు.

ప్రకటనల సంగతికొస్తే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. హరితం, పర్యావరణహితం, కార్బన్ న్యూట్రల్ లాంటి మాటలు వాడితే రుజువు చూపాలి. భవిష్యత్తులో సాధిస్తామనే మాట చెప్పాలంటే దాన్ని ఎలా సాధిస్తారో స్పష్టమైన ప్రణాళిక ముందే ఉండాలి. అవి వినియోగదారులకిచ్చే ప్రకటనల కోసం చేసినవే అయినా, గేటు పక్క బోర్డుకు కూడా అదే గజంబద్ద పెట్టొచ్చు.

పెద్ద కంపెనీల కొనుగోలు విభాగాల్లో పనిచేసేవాళ్లెవరైనా ఇది వింటుంటే వాళ్లతో కటువుగానే ఒక మాట చెప్పాలి. ఒక చేత్తో ఉద్గారాల ఫారం పంపి, ఇంకో చేత్తో ఈ ఏడాది రేటు మూడు శాతం తగ్గించమని ఉత్తరం రాస్తే, వచ్చేది కన్సల్టెంటు నింపిన ఫారమే. బిల్లుకు నూట ఇరవై రోజులు తిప్పించుకునే చోట కొత్త ఫర్నేస్ లైనింగ్‌కే డబ్బుండదు, సిమ్యులేషన్ ఎక్కడిది? చిన్న సంస్థల సొమ్ము గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ముందు అది పాటించండి. తరువాత, ఈల్డ్ పెంచుకున్న ఫౌండ్రీకి మిగిలిన కరెంటు డబ్బును మీ రేటు కోతలో లాగేసుకోకండి. ఒకసారి లాగేసుకున్నారో, రెండోసారి అక్కడెవరూ ఈల్డ్ పెంచరు. మీ నివేదికలో మాత్రం ఏటా అంకెలు తగ్గుతూనే ఉంటాయి.

ఇక యజమానులకు. కన్సల్టెంటును పిలవకముందు మీ దగ్గరే ఉన్న కాగితాలు తీయండి. పన్నెండు నెలల కరెంటు బిల్లులు. డీజిలు కొన్న రసీదులు, జనరేటరు గంటల పుస్తకం. సిలిండర్ల బిల్లులు, ఏసీ మెకానిక్ చీటీలు. పిగ్ ఐరన్, తుక్కు కొన్న ఇన్‌వాయిస్‌లు. నెలవారీ పంపిన సరుకు బరువు. ఇవన్నీ జీఎస్టీ కోసమో, బ్యాంకు కోసమో ఎలాగూ దాచే ఉంటారు. ఒక ఆదివారం పూట అకౌంటెంటుతో కూర్చుంటే స్కోప్ 1, స్కోప్ 2 మీ చేతికొస్తాయి. కొన్న లోహం లెక్కతో స్కోప్ 3లో పెద్ద ముక్కా వస్తుంది. ఆ అంకె మీరు వేసుకున్నదైతే, ఎవరు వచ్చి ఎంత పెద్ద మాట రాయమన్నా ఎంతవరకు రాయొచ్చో మీకు తెలుస్తుంది.

కొలిమికి విడిగా ఒక సబ్ మీటరు పెట్టించండి. హీట్ పుస్తకంలో ఆ మూడో గడి రేపటి నుంచే నింపమని చెప్పండి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఆ రాత్రి చివరి హీట్ పోశాక మీటరు రీడింగ్ ఫోనులో ఫొటో తీసి ఉంచండి. గోడ మీద బోర్డు రాయించే పని అంతవరకూ ఆపండి.